కేవు నుండి సున్నా టికెట్టు వరకు

నదిని దాటించినందుకు పడవవానికి ఇచ్చే కూలికి తెలుగులో 'కేవు' అని పేరు. నిఘంటువులలో నిలిచి, నిత్యవ్యవహారం నుండి తొలగిపోయిన మాటలలో ఇది ఒకటి. సంస్కృతంలో దీనినే ఆతరం అనీ, తరపణ్యం అనీ వ్యవహరించారు. ఒక వస్తువుకు గాని, ఒక చర్యకు గాని ప్రత్యేకంగా పేరు ఏర్పడిందంటే ఆ సమాజానికి దానితో నిత్యం పని పడిందని అర్థం. ఒక రేవు నుండి మరొక రేవుకు చేరడానికి మనిషి ఎంత చెల్లించాలి, ఆ సొమ్మును ఎవరు నిర్ణయించాలి, చెల్లించలేనివాని గతి ఏమిటి అన్న ప్రశ్నలు బస్సులు పుట్టిన తరువాత వచ్చినవి కావు.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నావాధ్యక్షుని విధులను తెలిపే అధ్యాయం ఒకటి ఉంది. అందులో మనిషికి ఎంత, పశువుకు ఎంత, బరువు మోసుకొని వచ్చిన వానికి ఎంత అని రేవు సుంకాలు వివరంగా నిర్ణయింపబడ్డాయి. మహానదులను దాటడానికి ఆ సుంకం రెట్టింపు. దూరాన్నిబట్టి, శ్రమనుబట్టి వెల మారాలన్న ఆలోచన అప్పటికే ఉన్నదన్నమాట. అంతకంటె ఆసక్తికరమైన విషయం మరొకటి ఉంది. బ్రాహ్మణులు, పరివ్రాజకులు, బాలురు, వృద్ధులు, వ్యాధిగ్రస్తులు, రాజశాసనం మోసుకొనిపోయేవారు, గర్భిణులు నావాధ్యక్షుని ముద్ర చూపి సుంకం లేకుండా నదిని దాటవచ్చునని కౌటిల్యుడు విధించాడు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలోనూ ఇటువంటి మినహాయింపులే కనిపిస్తాయి. అందులో గర్భిణులతోబాటు వేదం చదువుకొనే విద్యార్థులూ ఉన్నారు. ఈ మినహాయింపులలో కొన్ని వర్ణాన్నిబట్టి కల్పించినవి. వాటిని నేటి కాలం అంగీకరించదు. మిగిలినవి మాత్రం అవసరాన్నిబట్టి కల్పించినవి. రోగి, వృద్ధుడు, బాలుడు, గర్భిణి అనే వరుసను చూస్తే, నది దాటక తప్పని స్థితిలో ఉండి కేవు చెల్లించలేనివారెవరో ఆ శాస్త్రకారుడు ఆలోచించాడని తెలుస్తుంది. ఈనాడు కండక్టరు యంత్రం నుండి చించి ఇచ్చే సున్నా టికెట్టుకు, ఆనాటి నావాధ్యక్షుని ముద్రకు పోలిక లేకపోలేదు.

కృష్ణానది దిగువ డెల్టాకు ఈ చరిత్ర మరింత దగ్గరిది. బెజవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని నుండి బయలుదేరిన కాలువలు పొలాలకు నీరివ్వడమే గాక, పడవలకు దారులు కూడా అయ్యాయి. నీటిమట్టం మారే చోట పడవలను ఎక్కించడానికి, దించడానికి లాకులు కట్టారు. పామిడిముక్కల మండలంలోని వీరంకిలాకు గ్రామం తన పేరులోనే ఆ జ్ఞాపకాన్ని దాచుకొన్నది. ధాన్యపు బస్తాలు, ఉప్పు, పెండ్లివారు, కోర్టు పనులకు బందరు వెళ్లే కక్షిదారులు అందరూ కాలువ మీదనే సాగిపోయిన రోజులవి. తరువాత 1908 ప్రాంతంలో బెజవాడ నుండి బందరుకు రైలుమార్గం పడింది. అయితే అది గుడివాడ మీదుగా పోయింది. కంకిపాడు, ఉయ్యూరు, పామిడిముక్కల, పామర్రుల వరుసకు రైలు అందలేదు. అందువల్ల పడవల కాలం ముగిశాక ఈ ప్రాంత ప్రజలకు మిగిలిన ప్రధానసాధనం బస్సు ఒక్కటే. విజయవాడ నుండి మచిలీపట్నం వరకు దాదాపు 70 కిలోమీటర్ల పొడవున సాగే జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే పోతుంది. రహదారి పక్కనున్న ఊళ్లకు బస్సుల కొరత అంతగా కనిపించదు. మేడూరు, ఐనపూరు, లంకపల్లి వంటి లోపలి గ్రామాల సంగతి వేరు.

ఆ బస్సులు మొదట ప్రైవేటు యజమానులవి. నిజాం రాజ్యంలో 1932 జూన్‌లోనే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ రవాణాశాఖ పనిచేయడం మొదలుపెట్టింది. ఆంధ్ర ప్రాంతంలో అటువంటి ఏర్పాటు లేదు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన తరువాత ప్రభుత్వదృష్టి మొదట పడిన జిల్లాలలో కృష్ణా ఒకటి. ఈ జిల్లాలోని బస్సుమార్గాలను సంస్థకు అప్పగించే పథకాన్ని ప్రభుత్వం సిద్ధం చేయగా, ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర గ్రంథాలలో అది ప్రసిద్ధికెక్కింది. అభ్యంతరాలను శాఖాకార్యదర్శి విని, నిర్ణయాన్ని ముఖ్యమంత్రి చేయడం చెల్లదనీ, విన్నవారే తీర్పు చెప్పాలనీ 1958 నవంబరులో జస్టిస్ కోకా సుబ్బారావు తీర్పు వ్రాశారు. అప్పుడు ముఖ్యమంత్రియే స్వయంగా అభ్యంతరాలను విని పథకాన్ని ఖరారు చేశారు. 1959లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. నేటికీ పరిపాలనా న్యాయాన్ని చదివే ప్రతి విద్యార్థీ కృష్ణా జిల్లా బస్సుల వివాదాన్ని చదువక తప్పదు. బందరు రోడ్డు మీద తిరిగిన బస్సులు సహజన్యాయ సూత్రానికి ఉదాహరణగా నిలిచాయని ఆ బస్సులలో ప్రయాణించేవారిలో ఎంతమందికి తెలుసు!

బస్సులు సంస్థ చేతికి వచ్చిన తరువాత చార్జీ ఒక కొత్త స్వరూపం ధరించింది. ప్రైవేటు యజమాని లాభం వచ్చే దారిలో బస్సు నడిపి, రాని దారిని విడిచిపెట్టవచ్చు. ప్రభుత్వ సంస్థ అలా చేయలేదు. రద్దీగల మార్గాలలో మిగిలిన సొమ్ముతో రద్దీలేని పల్లెల మార్గాలను పోషించాలి. చార్జీలను పెంచే అధికారమైనా సంస్థకు స్వతంత్రంగా లేదు. ప్రభుత్వం అనుమతించాలి. మరి 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఇటువంటి సంస్థలు వ్యాపార సూత్రాలననుసరించి పనిచేయాలని చెబుతున్నది. వ్యాపారసూత్రం ఒక వైపు, ప్రజాసేవ మరొక వైపు లాగుతుండగా మధ్యలో నిలిచినదే బస్సుచార్జీ.

ఇక అసలు ప్రశ్నకు రావచ్చు. చార్జీ పెరిగితే ప్రయాణికులు ఎంతమంది తగ్గుతారు? తగ్గితే ఎంతమంది పెరుగుతారు? అర్థశాస్త్రజ్ఞులు దీనిని డిమాండు వ్యాకోచత్వం అనే మాటతో వివరిస్తారు. వెలలో నూటికి ఇంత మార్పు వచ్చినప్పుడు గిరాకీలో నూటికి ఎంత మార్పు వస్తుందో తెలిపే నిష్పత్తి అది. అమెరికాలో నగర రవాణా సంస్థల అనుభవాలను పరిశీలించి 1968లో కర్టిన్ అనే నిపుణుడు ఒక స్థూలసూత్రాన్ని ప్రకటించాడు. చార్జీ మూడు శాతం పెరిగితే ప్రయాణికులు దాదాపు ఒక శాతం తగ్గుతారన్నది దాని సారాంశం. సింప్సన్–కర్టిన్ సూత్రమని దీనికి పేరు. నగరాన్నిబట్టి, వేళనుబట్టి, వాహనాన్నిబట్టి ఇది మారుతుంది. అయినా దశాబ్దాల తరబడి రవాణా సంస్థలు దీనినే గుండెమీద చేయివేసుకొని నమ్మాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని తెలుసుకొందాం. ఒక మార్గంలో రోజుకు 1,000 మంది తలా 20 రూపాయలు చెల్లించి ప్రయాణిస్తున్నారనుకొందాం. రాబడి 20,000 రూపాయలు. చార్జీని పది శాతం పెంచి 22 రూపాయలు చేశారు. సూత్రం ప్రకారం 33 మంది తగ్గి 967 మంది మిగులుతారు. రాబడి 21,274 రూపాయలు అవుతుంది. సంస్థకు లాభమే. అందుకే నష్టం వచ్చిన ప్రతిసారీ చార్జీల పెంపు మీదికి చూపు పోతుంది.

అయితే 2004లో బ్రిటన్‌లో వెలువడిన ఒక విస్తృత పరిశీలన ఇందులోని మెలికను బయటపెట్టింది. బస్సుచార్జీల విషయంలో కొద్దికాలానికి ఈ నిష్పత్తి 0.4 దగ్గర ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది 1.0 దాకా పెరుగుతుంది. చార్జీ పెరిగిన మరునాడు ఉద్యోగికి వేరే దారి ఉండదు. విసుక్కుంటూనైనా బస్సే ఎక్కుతాడు. ఏడాది తిరిగేసరికి వాయిదాల మీద మోటారుసైకిలు కొంటాడు. రెండేళ్లలో పనిచేసే చోటికి దగ్గరగా ఇల్లు మారుతాడు, లేదా ఇంటికి దగ్గరలో పని వెతుక్కొంటాడు. పై లెక్కనే 1.0 నిష్పత్తితో వేస్తే 900 మందే మిగులుతారు. రాబడి 19,800 రూపాయలకు పడిపోతుంది. పెంచకముందు వచ్చినదానికంటె ఇది తక్కువ. మొదటి ఏడాది లెక్కలు చూసి సంతోషించిన సంస్థ ఐదవ ఏట కారణం తెలియక విచారిస్తుంది.

ఈ లెక్కలలో కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. తగ్గిన ఆ 33 మంది ఎవరు? సూత్రం వారిని ఒక అంకెగా మాత్రమే చూస్తుంది. మోటారుసైకిలు కొనగలిగినవాడు ఒక విధంగా తప్పుకొన్నాడు. కొనలేనివారు మరొక విధంగా తప్పుకొంటారు. వీరంకిలాకు పరిసరాల నుండి విజయవాడ బీసెంట్ రోడ్డులోని బట్టల దుకాణంలో పనికి పోయే ఒక స్త్రీని ఊహించుకొందాం. ఒక వైపు ప్రయాణానికి 45 రూపాయలనుకొంటే రోజుకు 90. నెలకు 26 పనిదినాలకు 2,340 రూపాయలు. జీతం పది వేలైతే అందులో దాదాపు నాలుగోవంతు టికెట్టుకే సరి. చార్జీ మరికొంత పెరిగిన రోజున ఆమె మోటారుసైకిలు కొనదు, ఇల్లూ మారదు. పని మానేస్తుంది. గణాంకాలలో ఆమె తగ్గిన ప్రయాణికురాలు మాత్రమే. ఇంట్లో ఆమె ఆగిపోయిన జీతం. పల్లెలో చదువు ఆపిన ఆడపిల్లల కథలు విన్నప్పుడు కూడా ఈ లెక్కను గుర్తుంచుకోవలసి ఉంటుంది. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకు బస్సెక్కవలసి వచ్చి, ఒకరి ఖర్చుకే సొమ్ము ఉన్నప్పుడు ఆ సొమ్ము ఎవరికి దక్కేదో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

చార్జీల మార్పు ఒక మహానగరాన్ని ఎట్లా ఊపివేస్తుందో చూడాలంటే లండన్ అనుభవాన్ని పరిశీలించాలి. 1981 అక్టోబరులో ఆ నగరపాలక మండలి బస్సు, భూగర్భరైలు చార్జీలను దాదాపు మూడోవంతు తగ్గించింది. లోటును పూడ్చడానికి స్థానిక పన్నులను పెంచింది. నగరశివార్లలోని బ్రోమ్లీ అనే పురపాలక ప్రాంతం దీనిని కోర్టులో ప్రశ్నించింది. భూగర్భరైలు తమ ప్రాంతానికి రానేరాదనీ, దాని కోసం తాము పన్ను ఎందుకు కట్టాలనీ దాని వాదం. రవాణా సంస్థ పొదుపుగా నడవాలని చట్టంలో ఉన్న ఒక మాటకు వ్యాపారసూత్రాలని అర్థం చెప్పి, 1981 డిసెంబరులో అత్యున్నత న్యాయమూర్తులు ఆ తగ్గింపును కొట్టివేశారు. 1982 మార్చిలో చార్జీలు ఒక్కసారిగా దాదాపు రెట్టింపయ్యాయి. తగ్గించినప్పుడు పెరిగిన ప్రయాణికులు పెంచినప్పుడు తగ్గారు. వారు సొంత కార్లెక్కడంతో వీథులు నిండాయి. 1983 మే నెలలో మళ్లీ నాలుగోవంతు తగ్గించి, ఒకే కార్డుతో బస్సూ రైలూ ఎక్కే సౌకర్యం కల్పించగానే తిరిగి జనం పెరిగారు. రెండేళ్ల లోపున ఒకే నగరంలో చార్జీ తగ్గడం, పెరగడం, మళ్లీ తగ్గడం జరిగింది. ప్రయోగశాలలో చేసినా ఇంత స్పష్టంగా రాదు. ఒక్క మాట అర్థం మీద లక్షలాదిమంది ప్రయాణం ఆధారపడిందన్న సంగతి భాషావిద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది.

తెలుగునాట ఇంత స్పష్టమైన ప్రయోగం చాలాకాలం జరగలేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు బస్సులలో కిలోమీటరుకు 10 పైసలు, మిగిలిన బస్సులలో 20 పైసలు పెంచారు. మూడు నెలలు తిరిగేసరికి కరోనా వచ్చి బస్సులే ఆగిపోయాయి. పెంపు వల్ల ఎందరు తగ్గారో, భయం వల్ల ఎందరు తగ్గారో వేరుచేసి చెప్పడానికి వీలులేకపోయింది. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు పేరుతో పల్లెవెలుగు టికెట్టుపై 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్ టికెట్టుపై 5 రూపాయలు పడ్డాయి. అదే ఏడాది జులైలో ఆ సెస్సును దూరాన్నిబట్టి పెంచారు. సెస్సు అన్నా చార్జీ అన్నా చెల్లించే చేయి ఒక్కటే. పేరు మార్చినంత మాత్రాన బరువు తగ్గదు. ఇటువంటి పెంపు దగ్గరి ప్రయాణికునికి ఎక్కువగా తగులుతుందన్నది గమనార్హం. పది రూపాయల దూరానికి రెండు రూపాయలు పెరిగితే అది అయిదోవంతు. వంద రూపాయల దూరానికి ఆ రెండు రూపాయలు లెక్కలోనికి రావు. దగ్గరిదూరాల ప్రయాణికునికే షేర్ ఆటో అనే ప్రత్యామ్నాయం ఉంటుంది గనుక, అతడు వెంటనే అటు మళ్లుతాడు. కూడలిలో నిలబడి ఎవరు ముందు వస్తే వారి బండి ఎక్కే అలవాటు ఇట్లాగే స్థిరపడింది.

నగరాల మెట్రోరైళ్ల విషయం కొంత భిన్నం. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు మెట్రో గరిష్ఠచార్జీని 60 రూపాయల నుండి 90 రూపాయలకు పెంచారు. కొన్ని దూరాలకు పెంపు మరీ ఎక్కువగా ఉన్నదన్న ఆందోళన చెలరేగింది. ప్రయాణికులు తగ్గారు. కొద్దిరోజులలోనే కొన్ని చార్జీలను సవరించవలసి వచ్చింది. అదే ఏడాది మే నెలలో హైదరాబాదు మెట్రో గరిష్ఠచార్జీని 60 నుండి 75 రూపాయలకు పెంచి, వారం రోజులలో పది శాతం రాయితీ ప్రకటించింది. మెట్రో ఎక్కేవారిలో సొంత వాహనం ఉన్నవారు అధికం. చార్జీ పెరిగితే వారు మళ్లీ స్కూటరు తీస్తారు. అందువల్ల మెట్రో కోల్పోయే ప్రయాణికుడు రోడ్డు మీద రద్దీగా తేలుతాడు. పల్లెబస్సు కోల్పోయే ప్రయాణికురాలు ఎక్కడా తేలదు, ఇంట్లో ఉండిపోతుంది. రెండు నష్టాలూ నష్టాలే. రెండవది మాత్రం ఎవరి కంటికీ కనిపించదు.

చార్జీని కొంత తగ్గించడం వేరు, పూర్తిగా తీసివేయడం వేరు. రూపాయికి, సున్నాకు మధ్యనున్న దూరం రెండు రూపాయలకు, రూపాయికి మధ్యనున్న దూరం వంటిది కాదు. టికెట్టు కొనవలసి ఉన్నంతకాలం స్త్రీ ఇంటివారిని సొమ్ము అడగవలసి ఉంటుంది. ఎందుకని వారు ప్రశ్నించవచ్చు. సున్నా అయిన రోజున ఆ ప్రశ్నకు అవకాశం సన్నగిల్లుతుంది. మన దేశంలో ఢిల్లీ 2019 అక్టోబరులో, తమిళనాడు 2021 మే నెలలో, కర్ణాటక 2023 జూన్‌లో స్త్రీలకు ఉచిత ప్రయాణాన్ని ప్రారంభించాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. అంతకుముందు నూటికి డెబ్బయి దరిదాపులలో ఉన్న సీట్ల భర్తీ తొంభై దరిదాపులకు చేరినట్లు సంస్థ ప్రకటించింది. సింప్సన్–కర్టిన్ సూత్రం ఇక్కడ చాలదు. ఆ సూత్రం ప్రకారం నూరు శాతం తగ్గింపుకు మూడోవంతు స్త్రీలు మాత్రమే పెరగాలి. పెరిగినవారు అంతకు మించినవారు. అంతవరకు ప్రయాణమే చేయనివారు బయలుదేరారనడానికి ఇది నిదర్శనం.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం ప్రారంభమైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే అయిదు రకాల బస్సులలో రాష్ట్రానికి చెందిన బాలికలు, స్త్రీలు, ట్రాన్స్‌జెండర్లు గుర్తింపుపత్రం చూపి ఉచితంగా ప్రయాణించవచ్చు. సంస్థలోని దాదాపు 8,400 బస్సులకు ఇది వర్తించింది. ఏడాదికి సుమారు రెండు వేల కోట్ల రూపాయల భారం పడుతుందని ప్రభుత్వం అంచనా వేసింది. నాన్‌స్టాప్ బస్సులను ఇందులో చేర్చలేదు. విజయవాడలో బయలుదేరి మచిలీపట్నంలోనే ఆగే బస్సు మధ్యనున్న ఊరికి ఎప్పుడూ ఉపయోగపడలేదు గనుక, పామిడిముక్కల వంటి చోట దీనివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. పల్లెవెలుగే ఇక్కడి బస్సు. దానికే ఉచితం వర్తించింది.

సున్నా టికెట్టు మీద ఎక్కిన చోటు, దిగే చోటు, అసలు చార్జీ, ప్రభుత్వం భరించే రాయితీ ముద్రింపబడేటట్లు నిర్ణయించారు. సున్నాకు టికెట్టు ఎందుకని మొదట్లో ప్రయాణికులకు వింతగా తోచడం సహజం. అయితే ఆ కాగితమే లేకపోతే ఎన్ని ప్రయాణాలు జరిగాయో ప్రభుత్వానికి తెలియదు, సంస్థకు రావలసిన సొమ్ము రాదు. ఉచితమంటే వెల లేదని కాదు. వెలను వేరొకరు చెల్లిస్తున్నారని అర్థం. చెల్లించేవారు ఆలస్యం చేస్తే బస్సుకు టైరు మారదు, డిపోకు కొత్త బస్సు రాదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ప్రయాణికులు పెరిగినంత వేగంగా బస్సులు పెరగవు. ఉదయం ఎనిమిది గంటల వేళ ఉయ్యూరు వైపు నుండి వచ్చే బస్సు నిండిపోయి, మధ్య స్టేజీలలో ఆగకుండా పోతే, ఆ స్టేజీలో నిలబడిన విద్యార్థినికి ఉచితం వల్ల ఒరిగేదేమీ లేదు. చార్జీ చెల్లించి నిలబడిన పురుషునికి అసంతృప్తి కలుగుతుంది. చార్జీ తక్కువగా ఉండడం, బస్సు తరచుగా రావడం అనే రెండింటిలో ప్రయాణికుడు దేనిని ఎక్కువగా కోరుకొంటాడని అడిగితే, బస్సు వేళకు రావడాన్నే కోరుకొంటాడని అనేక దేశాల పరిశీలనలు తెలుపుతున్నాయి. చేతిలో సొమ్ము లేనివారికి మాత్రం ఆ ఎంపికే ఉండదు. అందువల్ల ఈ రెండింటినీ ఒకదానికొకటి పోటీగా నిలిపి మాట్లాడడం అంత ఉచితం కాదు.

ఇతర దేశాల అనుభవం కూడా దీనినే బలపరుస్తున్నది. ఎస్తోనియా రాజధాని తాలిన్ 2013 జనవరిలో తన పౌరులందరికీ బస్సులను, ట్రాములను ఉచితం చేసింది. ఏడాది తరువాత పరిశీలించగా వాటి వాడకం 14 శాతం పెరిగింది. అయితే కార్లు విడిచిపెట్టి వచ్చినవారికంటె, అంతకుముందు నడిచిపోయినవారే అధికంగా బస్సులెక్కారు. జర్మనీ 2022 జూన్, జులై, ఆగస్టు నెలలలో నెలకు 9 యూరోలకే దేశమంతటా స్థానిక రైళ్లలో, బస్సులలో తిరిగే టికెట్టు ఇచ్చింది. దాదాపు 5 కోట్ల 20 లక్షల టికెట్లు అమ్ముడుపోయాయి. రైళ్లు క్రిక్కిరిశాయి. కార్ల సంఖ్య మాత్రం పెద్దగా తగ్గలేదు. తరువాత 2023 మే నెలలో ఆ టికెట్టు 49 యూరోలకు, 2025 జనవరిలో 58 యూరోలకు చేరింది. లక్సెంబర్గ్ దేశం 2020 మార్చి నుండి ప్రజారవాణానంతటినీ ఉచితం చేసింది. అక్కడా కార్ల మోజు తీరలేదు. రోడ్డు మీద రద్దీని తగ్గించడమే లక్ష్యమైతే చార్జీని తీసివేయడం బలహీనమైన సాధనమని ఈ దేశాలు చెబుతున్నాయి. కదలలేనివారిని కదిలించడమే లక్ష్యమైతే అది బలమైన సాధనమని మన రాష్ట్రాలు చెబుతున్నాయి. ఐరోపాలో నడక నుండి బస్సుకు మారడాన్ని వ్యర్థమని కొందరు లెక్కగట్టారు. మన ఊళ్లలో మే నెల ఎండలో మూడు కిలోమీటర్లు నడిచే స్త్రీ బస్సెక్కితే దానిని వ్యర్థమనడం న్యాయం కాదు.

ఒకరి చార్జీ తగ్గితే మరొకరి జీవిక దెబ్బతింటుందన్న సంగతినీ విస్మరించరాదు. షేర్ ఆటోలో ఎక్కేవారిలో అధికులు స్త్రీలే. వారు బస్సు వైపు మళ్లడంతో ఆటోవారి రాబడి పడిపోయింది. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆటోడ్రైవర్లు ఆందోళనలు చేశారు. 2025 అక్టోబరు 4న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్కొక్క డ్రైవరుకు 15,000 రూపాయల చొప్పున సాయం ప్రారంభించింది. అప్పుచేసి ఆటో కొన్నవాని నెలవాయిదాలకు ఆ సొమ్ము కొంతకాలమే సరిపోతుంది. అయితే బస్సు వెళ్లని దారులు డెల్టాలో ఇంకా ఎన్నో ఉన్నాయి. కాలువగట్టు మీదుగా లోపలి ఊరికి పోయే దారిలో ఆటోయే ఆధారం. బస్సు దిగిన స్టేజీ నుండి ఇంటిదాకా ఉన్న ఆ చివరి రెండు మూడు కిలోమీటర్లకు స్త్రీలు ఇప్పటికీ సొమ్ము చెల్లిస్తూనే ఉన్నారు. ఒక్కొక్కప్పుడు విజయవాడ నుండి స్టేజీదాకా సున్నా, స్టేజీ నుండి ఇంటికి ఇరవై రూపాయలు అన్న విచిత్రమైన లెక్క ఏర్పడుతుంది. చీకటి పడిన తరువాత ఆ ఇరవైకి కూడా ఆటో దొరకదు. ఇంటి నుండి ఎవరో ఒకరు సైకిలు మీదనో, మోటారుసైకిలు మీదనో స్టేజీ దగ్గరకు వచ్చి నిలబడతారు.

అభ్యాసం

అ) అర్థశాస్త్రంలోని నావాధ్యక్షుని ముద్రకు, నేటి సున్నా టికెట్టుకు గల పోలికలను, భేదాలను వ్రాయండి.

ఆ) చార్జీ పెంపు వల్ల మొదట రాబడి పెరిగినా, కాలక్రమాన ఎందుకు తగ్గవచ్చునో పాఠంలోని లెక్కతో వివరించండి.

ఇ) "తగ్గిన ఆ 33 మంది ఎవరు?" అన్న ప్రశ్నకు మీ ఊరి అనుభవంతో సమాధానం వ్రాయండి.

ఈ) మీ కళాశాలకు వచ్చే ఒక బస్సుమార్గాన్ని ఎంచుకొని, దాని స్టేజీలను, వేళలను, చివరి బస్సు తరువాత ప్రయాణికులు ఇంటికి చేరే విధానాన్ని పరిశీలించి ఒక వ్యాసం సిద్ధం చేయండి.